యాదిమరుపు

కంప్యూటర్‌ను ఉతికి ఆరేసినట్టు ఫార్మాట్ కొట్టి
స్క్రూడ్రైవర్ జేబుల పెట్టుకుంట అడిగిండు శ్రావణ్:
"అక్కా, రోజువారీకి ఏ బ్రౌజర్ పెట్టమంటవు?"

కొత్తవాడల, మెట్ల కింద, ఆరడుగుల దుకాణం నాది.
గోడకు అవతల జంపఖానా మగ్గం,
దెబ్బ దెబ్బకు నా మానిటర్ వణుకుతది.
మిరప సీజన్ల కీబోర్డు సుత తుమ్ముతది.

ఎనుమాముల యార్డుల పత్తి చూసినట్టు
ఒక్కొక్కదాన్ని
రెండు వేళ్ల నడుమ సాగదీసి చూసిన.

క్రోమ్ ఉరుకుతది, కాదనను.
గని ఉన్న రెండు జీబీల ర్యామును
బంతిల ముందుగాల కూసున్న చుట్టం లెక్క
ఇస్తరి దాక ఊడ్చుకుంటది.
ఆ నీలం రంగు ఈ అక్షరం
రిటైరైన పట్వారి.
ఎవ్వలకు అక్కెర లేదు, అయినా
ఏదో ఒక సర్కారు పేజీ ఇంకా ఆయన సంతకమే అడుగుతుండె.
ఎర్ర నక్క పొద్దున మెల్లగ లేస్తది,
వానకాలం స్కూటర్ లెక్క రెండు కిక్కులు పడాలె.
సింహం బొమ్మది ఇంకోటి చూపెట్టిండు శ్రావణ్,
ప్రకటనలను గడప తొక్కనియ్యదట.

"స్పీడు చూస్కో అక్కా" అంటడు.

నేను స్పీడు చూస్తలేను.
నాకు ఓదెలన్న యాదికొస్తున్నడు.

గోడవతల మగ్గం ఆయనదే.
మధ్యాహ్నం అది ఆగితే వచ్చి
ఒక్క వేలుతోని అక్షరాలు ఏరుకుంట కూసునేటోడు.
పావుగంటకు ఐదు రూపాయలు
చిల్లర లెక్కవెట్టి బల్ల మీద పెట్టేటోడు.
ఏం చూస్తున్నవని నేనడగలే, ఆయన చెప్పలే.

మార్చిల, హాల్ టికెట్ల రద్దీ.
గల్లీ మలుపు దాక లైను.
ఓదెలన్న మనుమడు వర్షిత్ కుర్చీ ఎక్కి
"పదో" అని కొట్టిండో లేదో,
ఈ బుద్ధిమంతురాలు మిషను
కింది గడిల మిగిలింది తనే రాసిచ్చింది:

పదో తరగతి యాభై ఎనిమిదేండ్లకు రాయొచ్చా
పదో తరగతి పరీక్షకు ముసలోళ్లను రానిస్తరా
పదో తరగతి లెక్కలు సులువుగ

ఎవడో పైకి చదివిండు.
లైనంత నవ్వింది.
"ఎవడ్రా గా ముసలోడు?"
నేను సుత నవ్విన.
నవ్వినంక చూసిన,
మనుమని టిఫిన్ డబ్బ పట్టుకోని
గడప కాడ ఓదెలన్న.
తువ్వాలతోని మొఖం తుడుచుకున్నడు,
చెమట లేని మొఖం.

తెల్లారి నుంచి మగ్గం ఆగినా మనిషి రాలే.

ఈ డబ్బల ఇంకా ఏమేమున్నయో నాకు తెలుసు.
సారమ్మ ఆధార్ అంకెలు,
మొగిలి బ్యాంకు పాస్‌వర్డు, అది ఆయన బర్రె పేరు,
ఒక పిల్ల రాసి పంపని ఉత్తరం.
ఎవ్వలు దాచమన్నరని దాచిందో.

"శ్రావణ్, మూసెయ్యంగనే అన్ని మర్చిపోయేది ఏది?"
"అన్నింట్ల ఉంటది అక్కా ఆ మీట. ఎవ్వలు నొక్కరు.
దినాం పాస్‌వర్డులు కొట్టుకుంట చస్తవు మల్ల."

చస్త తియ్.
నక్కనే పెట్టు. మీట నొక్కు.

ఇప్పుడు పొద్దుపొద్దున
ఈ మిషనుకు నేనెవ్వలో తెల్వది.
వంకర టింకర అక్షరాలు ముందటేసి
మనిషివేనా అని అడుగుతది.
అవునని రుజువు చేసుకోని
మిగిలిన సగం షట్టర్ లేపుత.

మొన్న సోమారం, మగ్గం ఆగిన యాళ్ల,
మీటర్ చూడొచ్చినోని లెక్క అటిటు చూసుకుంట
ఓదెలన్న. కూసోలే.
"ఇది అన్ని మర్చిపోతదట గద?"
"బంద్ చేస్తే ఒక్కటి యాదుంచుకోదు అన్నా."
జరసేపు ఊకున్నడు.
"మరి నువ్వు?"

నా దగ్గర ఆ మీట లేదు.
కుర్చీ జరిపిన.
కీబోర్డు మీది మిరప దూగర ఊదిన.
నీలిరంగు అంటిన వేలొకటి
"ప" కోసం
చాన సేపు వెతికింది.